పులి తోక ఊపే సేపు

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

పెద్దలందరికీ నమస్కారం. బల్ల మీదున్న ఈ పాత టీవీని చూసి ముందు వరసలోకి వచ్చి కూర్చున్న పిల్లలకి కూడా నమస్కారం. దీన్ని చివర్లో ఆన్ చేస్తాను. అందాకా కొంచెం ఓపిక పట్టండి.

గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు ఇది. ఆయన పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ నిలబడి వీడియో గేముల గురించి మాట్లాడతానంటే, సభ పెట్టినవాళ్ళు కాసేపు ఆలోచించి సరే అన్నారు. వాళ్ళకి నా కృతజ్ఞతలు. మనం చిన్నప్పుడు ఆడిన గేముల జ్ఞాపకాలు చెప్పడానికి నేను రాలేదు. ఎప్పుడో తయారీ ఆగిపోయిన పాత కంప్యూటర్ల మీద, పాత టీవీ గేముల మీద ఆడుకోవడానికి ఇప్పుడు కొత్తగా గేములు రాస్తున్నారు. ఆ పని గురించి చెప్పాలని వచ్చాను. నేనూ ఒకటి రాశాను. అది తెలుగులో ఉంది.

మా నాన్నగారికి ఈ ఊళ్ళోనే రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. 1990ల్లో టీవీలతో పాటు టీవీ గేములు కూడా రిపేరుకి వచ్చేవి. కొన్నిటి మీద లిటిల్ మాస్టర్ అని ఉండేది, కొన్నిటి మీద అసలు పేరే ఉండేది కాదు. విప్పి చూస్తే లోపల సరుకు ఒక్కటే. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జూలైలో అమ్మకానికి తెచ్చిన ఫ్యామికామ్‌కి నకలు. గేము ఉండే డబ్బాని మనం క్యాసెట్ అనేవాళ్ళం. అందులో టేపు ఏమీ ఉండదు. చిన్న బోర్డు, దాని మీద నల్లటి బొట్టు, అంతే. పైన 9999 గేములు అని రాసి ఉండేది. ఆడుతూ పోతే నాలుగైదు గేములే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. గేము రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊదేవాళ్ళం. ఊదితే నోటి తడి పిన్నుల మీద పడి తుప్పు పడుతుందని నాన్నగారు కోప్పడేవారు. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆ టీవీ గేము పెట్టె లోపల ఎంత మెమరీ ఉంటుందో చెబుతాను. 2048 బైట్లు. ఈ సంఖ్య ఎంత చిన్నదో మన భాషలోనే కొలిచి చూద్దాం. ఫోన్లో మీరు తెలుగులో మెసేజ్ కొడితే ఒక్కో గుర్తుకి 3 బైట్లు పడుతుంది. అక్షరం ఒక గుర్తు, దాని మీద కొమ్ము ఇంకో గుర్తు. అలా లెక్కేస్తే ఆ పెట్టె మెమరీ మొత్తం నింపినా 682 గుర్తులు పడతాయి. పాత రోజుల్లో మనం రాసుకున్న ఇన్లాండ్ లెటర్‌లో సగం కూడా కాదు. గేము నడుస్తున్నంతసేపూ ఎవరు ఎక్కడున్నారు, ఎన్ని ప్రాణాలు మిగిలాయి, పాట ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ ఆ కాస్త చోటులోనే సర్దుకోవాలి.

మనందరం ఆడిన మొదటి సూపర్ మారియో క్యాసెట్‌లో ఉన్నది మొత్తం 40 కిలోబైట్లు. ప్రోగ్రాంకి 32, బొమ్మలకి 8. ఇప్పుడు మీరు వాట్సాప్‌లో పంపే ఒక్క ఫోటో కూడా దానికంటే పెద్దది. 2019లో మార్ఫ్‌క్యాట్ గేమ్స్ అనే చిన్న బృందం అదే పెట్టె కోసం మైక్రో మేజెస్ అని కొత్త గేము తెచ్చింది. సరిగ్గా అదే 40 కిలోబైట్లు. నలుగురు ఒకేసారి ఆడొచ్చు. బొమ్మలో ఒక సగమే గీసి రెండో సగాన్ని అద్దంలోలా తిప్పి వాడుకోవడం లాంటి పొదుపు పనులు ఎన్నో చేశారు. ఇంట్లో అమ్మ పాత చీరతో బొంత కుట్టేటప్పుడు చూపించే తెలివి ఉంటుందే, అలాంటిది.

అంతకంటే ఇరుకైన పెట్టె ఒకటుంది. అమెరికాలో 1977లో వచ్చిన అటారీ 2600. దాని మెమరీ 128 బైట్లు. నేను తప్పు చెప్పలేదు, నూట ఇరవై ఎనిమిదే. తెర మీద కనబడే బొమ్మని దాచుకోవడానికి దాంట్లో చోటే లేదు. మరి బొమ్మ ఎలా వస్తుంది? పాత టీవీలో గీత తర్వాత గీత గీసుకుంటూ కిరణం పై నుంచి కిందికి దిగుతుంది కదా. ఆ కిరణం ఒక గీత గీసే లోపల ప్రోగ్రాంకి దొరికేది 76 టిక్కులు, అంటే చిప్ లోపలి గడియారం కొట్టే దెబ్బలు. ఆ టిక్కుల్లోనే ఈ గీతలో ఏ రంగు ఎక్కడ రావాలో చెప్పెయ్యాలి. ఆలస్యమైతే కిరణం మన కోసం ఆగదు. ముగ్గు వేసే మనిషి చేతిలోకి పిండి అందించడం లాంటి పని అది. మైక్రోసాఫ్ట్‌లో వైస్ ప్రెసిడెంట్‌గా పనిచేసి, ఎక్స్‌బాక్స్ గేముల వ్యవహారం చూసిన ఎడ్ ఫ్రైస్ 2010లో ఈ అటారీ కోసం హేలో 2600 అనే గేము రాశారు. మొత్తం ప్రోగ్రాం 4 కిలోబైట్లు. దాన్ని 2013లో స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం తన సేకరణలోకి తీసుకుంది. కోట్ల ఖర్చుతో గేములు తీయించిన మనిషి తర్వాత 128 బైట్ల దగ్గరికి ఎందుకొచ్చారా అని నేను చాలాసార్లు ఆలోచించాను. రాసిన ప్రతి బైటూ తన చేతిదే అయ్యే సుఖం ఆ పెద్ద పనిలో దొరికి ఉండదని నాకనిపిస్తుంది.

ఇంకా ఉన్నాయి. సెగా మెగా డ్రైవ్ అనే పాత టీవీ గేము కోసం 2018లో ట్యాంగిల్‌వుడ్ వచ్చింది. కమడోర్ 64 అనే పాత కంప్యూటర్ కోసం 2017 చివర్లో సామ్స్ జర్నీ వచ్చింది. 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆ రోజుల్లో కమడోర్ 64కి రాలేదు. ఒక అభిమాని పూనుకుని 2011లో తెచ్చాడు. ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా వచ్చినా దాని కోసం ఎదురుచూసినవాళ్ళు ఉన్నారు.

మన దేశంలో కూడా ఈ చిన్న కంప్యూటర్లు లేకపోలేదు. 1984లో బళ్ళ కోసం పెట్టిన క్లాస్ పథకంలో బీబీసీ మైక్రోలు ఇచ్చారు. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ని డీబీ స్పెక్ట్రమ్ పేరుతో ఇక్కడ అమ్మింది. వాటిని నేను చిన్నప్పుడు చూడలేదు. నాకు దొరికింది టీవీ గేమే. అందుకే దానికే రాశాను.

ఇక నా గేము సంగతి.

అది పులి-మేక. పులిజూదం అనండి, ఏ పేరైనా సరే. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట్లు 23. గుళ్ళ అరుగుల మీద చెక్కిన గీతలు మీరు చూసే ఉంటారు. మా పెద్దమ్మ నేల మీద సుద్దముక్కతో గీసి, చింతపిక్కలు మేకలుగా, గులకరాళ్ళు పులులుగా పెట్టి ఆడేది. మొత్తం ఆట 23 బైట్లలో పడుతుంది. చోటుకి ఒక బైటు. ఖాళీ అయితే సున్నా, మేక అయితే ఒకటి, పులి అయితే రెండు. 2048లో 23 పోతే ఇంకా బోలెడంత ఉంది అనుకుని ధైర్యంగా మొదలుపెట్టాను.

మేకల్ని మనిషి ఆడతాడు. పులుల్ని మెషీన్ ఆడాలి. మొదట్లో నా పులికి ఒక్కటే నేర్పాను. పక్కనున్న మేక మీంచి దూకే వీలుంటే దూకి తినెయ్, లేకపోతే ఎటో ఒకవైపు కదులు. పెద్దమ్మకి లాప్‌టాప్‌లో చూపించాను. ఆమెకి రిమోట్ పట్టుకోవడం రాదు, ఏ మేకని ఎటు జరపాలో చెబుతుంటే నేను నొక్కాను. వరసగా నాలుగాటలు ఆమే గెలిచింది. ఒక మేకని ఎరగా వేసి పులిని మూలకి లాగడం, వెనక దారి మూసెయ్యడం. నాలుగో ఆట అయ్యాక, "నీ పులికి ఆకలి తప్ప ఇంకేం తెలీదురా. తినేముందు బయటికి దారుందో లేదో చూసుకోవద్దూ?" అంది.

ఆ ఒక్క మాటతో ప్రోగ్రాం మొత్తం మార్చాను. ఇప్పుడు నా పులి ప్రతి ఎత్తుకీ ముందు ఒక లెక్క వేస్తుంది. ఈ ఎత్తు వేస్తే మా మూడు పులులకీ కలిపి ఇంకా ఎన్ని దారులు తెరిచి ఉంటాయి? మేక దొరికితే దానికి కొన్ని మార్కులు, తెరిచి ఉన్న ఒక్కో దారికి ఒక మార్కు. ఏ ఎత్తుకి ఎక్కువ మార్కులొస్తే అది. కంప్యూటర్ సైన్సు పుస్తకాల్లో దీనికి పెద్ద పేర్లున్నాయి. నాకు మాత్రం అది పెద్దమ్మ నేర్పిన పాఠం. ఇప్పుడు ఆమె ఐదింటిలో మూడు గెలుస్తుంది. ఆ రెండు ఓడినప్పుడు నేనెంత సంతోషించానో ఆమెకి చెప్పలేదు.

కానీ ఆ లెక్కకి టైము పడుతుంది. మన దగ్గర దొరికే క్లోన్ పెట్టెలు సెకనుకి 50 సార్లు తెర మారుస్తాయి. ఒక్కో తెరకి దొరికేది సుమారు 35 వేల టిక్కులు. ఎత్తుకి ఎదురెత్తు, దానికి ఇంకో ఎత్తు అని లోతుగా చూడబోతే ఆ టిక్కులు చాలవు. తెర ఆగిపోతుంది, పాట తెగిపోతుంది. అందుకని లెక్కని ముక్కలు చేసి తెరకి కొంచెం చొప్పున పంచాను. ఆ కాసేపూ ఆడేవాళ్ళకి ఏదో ఒకటి కనబడాలి కదా, పులి తోక ఊపేలా చేశాను. పులి తోక ఊపుతోందంటే లోపల దారులు లెక్కపెట్టుకుంటోందని అర్థం. పిల్లలు దాన్ని చూసి పులికి కోపమొచ్చింది అంటారు. అలా అనుకున్నా మంచిదే.

అక్షరాల దగ్గరికి వస్తాను. ఈ రోజు సభకి అసలు సంబంధం ఉన్నది ఇక్కడే.

ఈ పెట్టె తెర మీద ఏది కనబడాలన్నా 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న గళ్ళలోనే గీయాలి. నేలకి వేసే టైల్స్ లాంటివి. తెర వెనక భాగానికి ఒకేసారి 256 టైల్స్ మాత్రమే వాడుకోవచ్చు. ఇంగ్లీషుకి 26 అక్షరాలు, పది అంకెలు, పని అయిపోయింది. మన తెలుగుకి గుణింతాలు, వత్తులు కలుపుకుంటే వందల్లోకి పోతుంది. పైగా 8 చుక్కల్లో 'ఘ' రాసి చూడండి. నేను రాశాను. అది 'ఘ' అని నాకు తప్ప ఎవరికీ తెలియలేదు.

కాబట్టి ఒక్కో అక్షరానికి రెండు టైల్స్ వెడల్పు, రెండు టైల్స్ ఎత్తు ఇచ్చాను. అప్పుడు టైల్స్ అయిపోతాయి. వారం రోజులు గళ్ళ కాగితం మీద అక్షరాలు గీస్తూ కూర్చున్నాను. అలా గీస్తుంటే చిన్నప్పటినుంచీ రాస్తున్నా ఎప్పుడూ చూడని సంగతి ఒకటి కనబడింది. తలకట్టు. క, గ, చ, త, ద, న, ప, మ, వ, ఇన్నిటి మీదా అదే టిక్కు గుర్తు. ఒక్క టైల్ గీసి వీటన్నిటికీ పైన పెట్టొచ్చు. జ, ట, ణ, బ, ల, వీటికి తలకట్టు లేదు, వాటి పై భాగాలు విడిగా గీసుకోవాలి. గుడి కూడా అంతే, ఒకసారి గీస్తే చాలా వాటికి సరిపోతుంది. ఒక్కో అక్షరాన్ని పై సగం, కింది సగంగా విడదీసేసరికి టైల్స్ సగానికి పైగా మిగిలాయి.

అప్పుడు ఒడియా కూడా పెట్టాలనిపించింది. మన పిల్లల పరిస్థితి మీకు తెలుసు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. తెలుగు గడగడా మాట్లాడతారు, చదవమంటే తల దించుకుంటారు. అందులో వాళ్ళ తప్పు ఒక్క రవ్వ కూడా లేదు. గేములో ఒక బటన్ నొక్కితే మాటలు ఒడియాలోకి మారతాయి, మళ్ళీ నొక్కితే తెలుగులోకి. చదవడం వచ్చిన లిపి పక్కన రాని లిపి పెట్టడం అన్నమాట. ఒడియా అక్షరాలు గీయడం నాకు ఇంకా తేలికైంది. చాలా అక్షరాలకి పైన గొడుగులాంటి గుండ్రటి కప్పు ఒకేలా ఉంటుంది. ఆ కప్పు ఒకసారి గీస్తే పని చాలావరకు అయిపోతుంది.

తెలుగుకీ ఒడియాకీ ఈ గుండ్రదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో పెద్దలు చెబుతుంటారు. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు ఈనె వెంబడి చీలుతుంది, అందుకని చెయ్యి గుండ్రంగా తిరిగిందని. అంటే మన అక్షరాలకి ఇరుకు కొత్త కాదు. తాటాకు పెట్టిన హద్దులో మన పూర్వీకులు ఇంత అందమైన లిపి తిప్పారు. ఈ ఎనిమిది చుక్కల గడిని కూడా నేను అలాంటి ఆకులాగే చూస్తాను. అది పెట్టిన హద్దు మీద నాకు విసుగు లేదు.

మాటలు ఎంచుకోవడంలో కూడా గిడుగువారే గుర్తొచ్చారు. మొదట తెర మీద "ప్రారంభించుము" అని పెట్టాను. దానికి క్రారవడి కోసం విడిగా టైల్ కావాలి, తెర వెడల్పంతా అదే తినేస్తోంది. మా ఇంట్లో పిల్లలు ఆట మొదలుపెట్టేటప్పుడు ఏమంటారు? "ఆడదాం" అంటారు. అదే పెట్టాను. "విజయము సాధించితిరి" తీసేసి "గెలిచావు" పెట్టాను. మేకని పులి తింటే "మేక పోయింది". వత్తు ఒక్కటీ లేదు. పులిని కట్టేసినప్పుడు మాత్రం "పులి చిక్కింది" అనే రావాలి. దానికి ఇంకో మాట నాకు దొరకలేదు. ఆ ఒక్క క వత్తు కోసం అక్షరాల కింద మూడో వరస టైల్స్ చేర్చాను. జనం నోట్లో ఉన్న భాష రాయాలని పంతులుగారు ఇక్కణ్ణుంచే పోరాడారు. ఆయన మాట ఎంత పొదుపైనదో నాకు ఈ పెట్టెలో అర్థమైంది.

అన్నీ అయ్యాయి, లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ మీద, అంటే ఆ పాత పెట్టెలా నటించే ప్రోగ్రాం మీద, చక్కగా నడిచింది. ఇక అసలు పెట్టెలో పెట్టాలి. పాత క్యాసెట్ బోర్డు ఒకటి తీసుకుని, నాన్నగారి డబ్బాలో ఉన్న ఈప్రామ్ చిప్పులు రెండు, ప్రోగ్రాంకి 32 కిలోబైట్లది, బొమ్మలకి 8ది, వైర్లు మార్చి సోల్డర్ చేశాను. ఈ చిప్పుల నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే పాతది చెరిగిపోతుంది, మళ్ళీ రాసుకోవచ్చు. లైటు లేనివాళ్ళు ఎండలో పెట్టొచ్చు, కాకపోతే వారం దాకా పడుతుంది. రాశాక కిటికీ మీద స్టిక్కర్ అంటించడం మరిచిపోకండి.

ఆన్ చేస్తే, ఆట మొదలవకముందే బోర్డు మీద రెండు మేకలు కూర్చుని ఉన్నాయి. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఇంకో మూడు, వేరే చోట్ల. లాప్‌టాప్‌లో ఒక్కసారి కూడా అలా జరగలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. సోల్డరింగ్ అంతా తీసి మళ్ళీ చేశాను. మూడో రోజు నాన్నగారు వచ్చి పక్కన కూర్చుని అంతా విన్నారు. ఆయనకి ప్రోగ్రామింగ్ తెలియదు. "స్విచ్ వెయ్యగానే లోపల ఖాళీగా ఉంటుందని నీకెవరు చెప్పారురా?" అన్నారు.

అదే తప్పు. నా ఎమ్యులేటర్ మొదలవగానే మెమరీ మొత్తం సున్నాలతో నింపి ఇస్తుంది. అసలు చిప్ అలా ఇవ్వదు. కరెంటు వచ్చిన క్షణంలో ఏ గడిలో ఏది పడితే అది ఉంటుంది. మెమరీని తుడిచే పని ప్రోగ్రామే చేసుకోవాలి. నేను రాయలేదు. ఏ గడిలో ఒకటి పడిందో అక్కడ మేక కూర్చుంది. పది లైన్లు చేర్చాక మేకలు పోయాయి. నలభై ఏళ్ళు సెట్లు విప్పిన మనిషి ప్రశ్న అది. అందుకే చెబుతున్నాను, ఎమ్యులేటర్‌లో ఆడుకోండి, తప్పులేదు, కానీ రాసేవాళ్ళు ఒక్కసారైనా అసలు పెట్టెలో పెట్టి చూడండి.

ఇదంతా ఫోన్లోనే చెయ్యొచ్చుగా అని మొన్న ఒక బంధువు అడిగారు. చెయ్యొచ్చు. కానీ ఫోన్లో యాప్ పెడితే ఏడాదికోసారి ఏదో మారిందని దాన్ని మళ్ళీ సవరించాలి. మానేస్తే పనిచెయ్యదు. ఈ పెట్టె 1983 తర్వాత మారలేదు, ఇక మారదు. నేను ఈ ఏడు రాసింది నాన్నగారి షాపులోని ముప్పై ఏళ్ళ నాటి సెట్టులో నడుస్తోంది. చిప్పుల తయారీ ఒక్కొక్కటే ఆగిపోతోందన్నది నిజమే. ఎన్నో పాత కంప్యూటర్లని నడిపిన, 1976లో వచ్చిన జెడ్80 చిప్‌కి 2024 జూన్‌తో జైలాగ్ కంపెనీ ఆర్డర్లు తీసుకోవడం ఆపేసింది. ఆ వార్త చదివి నాకు చాలా బాధ కలిగింది. అయినా ఇళ్ళలో, అటకల మీద ఎన్ని పెట్టెలు పడున్నాయో మీకూ తెలుసు. పారెయ్యకండి. పనిచెయ్యకపోతే నా దగ్గరికి తీసుకురండి.

ఇంకో కారణం. పర్లాకిమిడి తెలుగు పిల్లల కోసం ఏ పెద్ద కంపెనీ అయినా గేము తయారుచేస్తుందా? చెయ్యదు. మనమే చేసుకోవాలి. ఒక్క మనిషి సాయంత్రాలు కూర్చుని మొదలుపెట్టి పూర్తిచెయ్యగలిగినంత చిన్న పని ఇది. నాకు ఎనిమిది నెలలు పట్టింది. పనిముట్లన్నీ ఉచితం. ఈ పెట్టెకి సీ భాషలో రాయడానికి సీసీ65 ఉంది. ప్రోగ్రామింగ్ రాని పిల్లలకి, గేమ్ బాయ్ అనే చేతిలో పట్టుకుని ఆడే పాత పెట్టె కోసం జీబీ స్టూడియో ఉంది, మౌస్‌తో బొమ్మలు పేర్చుకుంటూ పోవచ్చు. దాంట్లో కూడా అక్షరాల టైల్స్ మనవి మనం గీసి పెట్టుకోవచ్చు.

నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాను. నా క్లాసులో ఒక సవర కుర్రాడు ఉన్నాడు. గిడుగువారు సవరభాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాసిన సంగతి మనం ప్రతి ఏడూ ఈ రోజున చెప్పుకుంటాం. సవరల్లోనే పుట్టిన మంగై గొమాంగో 1936లో తమ భాషకి సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. ఆ ఏడాది ఏప్రిల్ 1నే ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. ఆ లిపికి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకీ వాడే పట్టికలో, ఉన్నవి అంకెలతో కలిపి 35 గుర్తులు. 256 టైల్స్‌లో హాయిగా కూర్చుంటాయి, నేను పడ్డ ఇరుకు వాళ్ళకి లేదు. ఆ కుర్రాడు గళ్ళ కాగితం మీద ఇప్పటికి 19 గుర్తులు గీశాడు. మిగతావి వాళ్ళ ఊరి పెద్దల్ని అడిగి సరిచూసుకుని గీస్తానన్నాడు. అవి రాగానే గేములో బటన్ మూడోసారి నొక్కితే పులి, మేక సవరలో కనబడతాయి.

సరే, పిల్లలు చాలాసేపటినుంచి టీవీ వైపే చూస్తున్నారు. బాబూ, ఆ పసుపు పిన్ను వెనకాల పసుపు దాంట్లోనే పెట్టు, గట్టిగా నొక్కు. ఆఁ, వచ్చింది. బోర్డు మీద మేకలేవీ లేవు కదా? మంచిది. ఇద్దరు ముందుకి రండి. ఒకరు రిమోట్ పట్టుకోండి, ఇంకొకరు తెర మీద ఏం రాసుందో పైకి చదవండి.